మొసలి ఊపిరితిత్తులలో కాపురముండే ‘నాలుక పురుగులు’: అవి నిజంగా పురుగులేనా?

బొబ్బిలి_మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. హైస్కూలు పిల్లలకు ముప్పై ఏళ్ళకు పైగా జీవశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మొన్నటి దసరా సెలవులలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి ఒడిశాలోని భితర్కనికకు వెళ్ళాను. బురద ఒడ్డున నోరు తెరుచుకుని పడుకున్న ఉప్పునీటి మొసళ్ళను పడవలోంచి చూపిస్తుంటే, మా మనవడు “తాతయ్యా, దీన్ని తినే జంతువు ఏదైనా ఉందా?” అని అడిగాడు. ఎదిగిన మొసలిని తినే జంతువు ఏదీ లేదని అప్పటికి చెప్పి ఊరుకున్నాను. ఇంటికి వచ్చి పాత పరాన్నజీవశాస్త్రం నోట్సు తిరగేసిన తరువాత ఆ జవాబు సగమే నిజమని తెలిసింది. బయటి నుంచి తినేవి లేకపోవచ్చును కాని, లోపల కూర్చుని రక్తం తాగేవి ఉన్నాయి. వాటి పేరు పెంటాస్టోమిడ్లు. వాడుకలో నాలుక పురుగులు అంటారు. వాటిలో సెబెకియా, అలోఫియా, లైపీరియా వంటి ప్రజాతులు ప్రత్యేకించి మొసళ్ళ శ్వాసావయవాలనే ఆశ్రయించి బతుకుతాయట.

నా సందేహాలు మూడు. నీటిలో మునిగినప్పుడు ముక్కు రంధ్రాలను, గొంతును కవాటాలతో బిగించుకునే జంతువు ఊపిరితిత్తులలోకి ఇవి ఏ దారిన చేరుతాయి? చేరినవాటిని మొసలి శరీరం ఎందుకు తరిమివేయదు? అసలు వీటిని పురుగులనవచ్చునా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను. మనవడికి మిగిలిన సగం జవాబు బాకీ ఉన్నాను.

గరివిడి_పశువైద్యం

మాస్టారూ, నమస్కారమండి. నేను గరివిడిలో పశువైద్యం చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల తరగతిలో సరీసృపాల పరాన్నజీవుల గురించి మాట్లాడవలసి ఉన్నందున, ఈ విషయం కొంత చదివాను. మొదటి ప్రశ్నకు ముందుగా జవాబు రాస్తాను.

అవి ముక్కు దారిన రావు, కడుపు దారిన వస్తాయి. ఊపిరితిత్తిలో ఉన్న ఆడ జీవి వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. శ్వాసనాళపు గోడల మీది సన్నని నూగు ఆ గుడ్లను కఫంతో పాటు గొంతులోకి నెడుతుంది. మొసలి వాటిని మింగుతుంది, అవి మలంతో పాటు నీటిలో పడతాయి. ఒక్కొక్క గుడ్డులోనూ అప్పటికే తయారైన డింభకం, అంటే ఎదగని పిల్ల దశ, ఉంటుంది. దానికి రెండు జతల పొట్టి కాళ్ళు, వాటికి కొనదేలిన గోళ్ళు, ముందు భాగంలో కణజాలాన్ని తొలుచుకుపోయే ముల్లు వంటి సాధనం ఉంటాయి. ఆ గుడ్డును చేప మింగినప్పుడు డింభకం బయటపడి, పేగు గోడను తొలుచుకుని చేప ఉదరకుహరంలోనో, గాలితిత్తి దగ్గరో, పేగులను పట్టి ఉంచే పొరలలోనో స్థిరపడుతుంది. అక్కడ పలుమార్లు కుబుసం విడిచి, కాళ్ళు పోగొట్టుకుని, నోటి చుట్టూ నాలుగు కొక్కేలు గల దశకు ఎదిగి, మొసలి ఆ చేపను తినే రోజు కోసం ఎదురుచూస్తుంది.

చేప మొసలి జీర్ణాశయంలో అరిగిపోతుంది కాని, ఇది అరగదు. గోడను తొలుచుకుని శరీరకుహరంలోకి వచ్చి, అక్కడి నుంచి ఊపిరితిత్తిలోకి దూరి, కొక్కేలతో కణజాలాన్ని పట్టుకుని, కేశనాళికలలోని రక్తం తాగుతూ పెద్దదవుతుంది. లైపీరియా దారి మరీ చిత్రమైనది. నైలు మొసలిలో దాని ఎదగని దశలు గుండెలోను, పెద్ద రక్తనాళాలలోను కనిపిస్తాయి, ఎదిగినవి శ్వాసనాళంలో ఉంటాయి. సబ్‌ట్రైక్వెట్రా అనే మరో ప్రజాతి ఊపిరితిత్తుల దాకా పోకుండా ముక్కు, గొంతు భాగాలలోనే ఉండిపోతుంది.

అందుచేత, మొసలి ముక్కు ఎంత గట్టిగా మూసుకున్నా ప్రయోజనం లేదు మాస్టారూ. శత్రువు భోజనంలోనే వస్తోంది.

మడ్డువలస_చేపలు

ఈ చర్చ చదివి నాకు కొంచెం దిగులు పట్టుకుంది. రాజాం దగ్గర రెండు చెరువులు కౌలుకు తీసుకుని బొచ్చె, రోహు పెంచుతున్నాను. ఒక చెరువులో కొర్రమీను తనంతట తానే చేరింది. పోయిన వారం ఒక కొర్రమీనును కోస్తే మొప్పల దగ్గర, కండలోను పసుపు రంగులో, వరి గింజ కంటె కాస్త పెద్దవిగా తిత్తులు కనిపించాయి. సూదితో చీల్చితే లోపలున్నది మెల్లగా కదిలింది. గరివిడి అమ్మాయి గారు చెప్పిన డింభకం ఇదేనా? మా చెరువులో మొసలి మాట అటుంచి, ఉడుము కూడా కనబడదు.

టెక్కలి_తంపర

అయ్యా, మొసలి లేని చెరువులో మొసలి ఊపిరితిత్తుల పరాన్నజీవి చక్రం ఎలా తిరుగుతుంది? గుడ్లు వేసేవాడే లేడు కదా. మీ చెరువు గట్టున కొంగలు వాలుతున్నాయా లేదా, అది చెప్పండి.

మడ్డువలస_చేపలు

వాలకేమండి. తెల్లవారేసరికి గట్టంతా తెల్లగా ఉంటుంది.

గరివిడి_పశువైద్యం

టెక్కలి వారి ఊహ సరైన దారిలోనే ఉంది. చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గాని, పసుపు రంగు, మొప్పల దగ్గర, కండలో తిత్తులు అన్న మూడు లక్షణాలూ క్లైనోస్టోమమ్ అనే చదునుపురుగు డింభకానికి సరిపోతాయి. దాని తుది ఆతిథేయి, అంటే ఎదిగిన పురుగుకు ఆశ్రయమిచ్చే జీవి, కొంగ. కొంగ నోటిలో, గొంతులో ఎదిగిన పురుగు గుడ్లు నీటిలో పడతాయి. వాటి నుంచి వచ్చిన డింభకాలు ముందు నత్తలోకి, తరువాత చేపలోకి చేరుతాయి. ఆ చేపను కొంగ తింటే చక్రం పూర్తి అవుతుంది. కనుక మీ చెరువులో వెదకవలసింది నత్తల కోసం. ఈసారి తిత్తి చీల్చినప్పుడు భూతద్దంతో చూడండి. ఆకులా చదునుగా ఉండి, కడుపు వైపు గుండ్రని పీల్చుడు గిన్నె కనిపిస్తే అది చదునుపురుగే. నాలుక పురుగు డింభకమైతే ఉంగరాలు పేర్చినట్టున్న గుండ్రని ఒళ్ళు, నోటి పక్కన నాలుగు కొక్కేలు ఉంటాయి.

టెక్కలి వారు తేలినీలాపురం కొంగల్ని చూసి చూసి ఈ సంగతి పసిగట్టినట్టున్నారు.

కళింగపట్నం_కెరటం

నాకు శాస్త్ర పరిచయం తక్కువ, భాష మీద మక్కువ ఎక్కువ. సెబెకియా అన్న పేరు చూడగానే ప్రాచీన ఈజిప్టు గుర్తుకు వచ్చింది. అక్కడ మొసలి తల గల దేవుణ్ణి సోబెక్ అని, సెబెక్ అని పిలిచేవారు. 1922లో సాంబన్ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతికి ఆ దేవుడి పేరు పెట్టాడు. మొసలిని కొలిచినవారి దేవుడి పేరు మొసలి రక్తం తాగేదానికి దక్కడం విడ్డూరమే. మనవారైతే మకరాన్ని గంగమ్మకు వాహనంగాను, గజేంద్రుడి కాలు పట్టిన గ్రాహంగాను రెండు విధాలా తలుచుకున్నారు కాని, దాని ఊపిరితిత్తులలోకి తొంగి చూసినవారు ఉన్నట్టు లేదు.

పెంటాస్టోమిడా అంటే ‘అయిదు నోళ్ళు గలది’ అని అర్థం. నోటి చుట్టూ ఉన్న నాలుగు కొక్కేల గుంటలను కూడా నోళ్ళే అనుకుని తొలినాటి పరిశీలకులు ఆ పేరు పెట్టారు. ఉన్నది ఒక్క నోరే. అందుచేత తెలుగులో ‘పంచముఖులు’ అంటే బాగుంటుందా?

బొబ్బిలి_మాస్టారు

పంచముఖి అనగానే మన జిల్లాలో ఎవరైనా ఆంజనేయస్వామికి దండం పెడతారు గాని, మొసలి పరాన్నజీవిని తలచుకోరు. పైగా తప్పు పరిశీలన వల్ల పుట్టిన పేరును మళ్ళీ అనువదించడం దేనికి? అంతకంటె ‘నాలుక పురుగు’ నయం. కుక్క ముక్కులో ఉండే లింగ్వాటులా నాలుక ఆకారంలో ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. అయితే మొసలి ఊపిరితిత్తులలో ఉండేవి నాలుకలా ఉండవు. సన్నగా, గుండ్రంగా, ఒంటినిండా ఉంగరాలతో ఉంటాయి. నా మూడో ప్రశ్న అందుకే అడిగాను. ఉంగరాలున్నాయి కదా అని వీటిని వానపాముల కులంలో కలపవచ్చునా?

గరివిడి_పశువైద్యం

మాస్టారూ, ఈ విషయంలో నాకు తెలిసిన చిత్రమంతా ఇక్కడే ఉంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇవి వానపాముల కులం కావు, నులిపురుగుల కులమూ కావు. కైటిన్‌తో చేసిన పై పొర, దాన్ని విడిచి పెరగడం, డింభకానికి గోళ్ళున్న కాళ్ళు, చారలున్న కండరాలు చూసి ఇవి సంధిపాదులకు (కీళ్ళ కాళ్ళ జీవులకు) దగ్గరవని చాలామంది అనుకుంటూనే ఉన్నారు. ఎవరికి దగ్గర అన్నది మాత్రం తేలలేదు. కొందరు నల్లుల (మైట్ల) వైపు, కొందరు జెర్రుల వైపు మొగ్గేవారు. 1972లో వింగ్‌స్ట్రాండ్ అనే శాస్త్రవేత్త వీటి శుక్రకణాల నిర్మాణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అది చేపల ఒంటికి పట్టే చేప పేను శుక్రకణంతో ఆశ్చర్యం కలిగించేంత సరిపోలుతోందని చూపించారు. 1989లో ఏబెల్, ఆయన సహచరులు రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును పోల్చి చూసినప్పుడు కూడా అదే తేలింది. 2004లో మైటోకాండ్రియా జన్యుపటం దాన్ని మరింత బలపరచింది. ఇప్పుడు చాలామంది ఈ రెండు వర్గాలనూ కలిపి ఇక్తియోస్ట్రాకా అనే ఒకే వర్గంగా లెక్కిస్తున్నారు. అంటే ఇవి పీతలు, రొయ్యలు ఉన్న క్రస్టేషియన్ల వంశానికి చెందినవి.

మడ్డువలస వారూ, చేప పేను అంటే మీకు తెలిసినదే. మీ చెరువులో చేపలు గట్టుకు ఒళ్ళు రాసుకుంటూ ఎగిరిపడినప్పుడు మీరు మందు చల్లేది దేనికో, ఆ ఆర్గులసే. అది చేప పైన తగులుకుని రక్తం పీల్చి అక్కడితో ఆగిపోయింది. దాని దూరపు చుట్టం చేప లోపలికి దూరి, చేపను తినేవాడి ఊపిరితిత్తి దాకా వెళ్ళింది. ఇంత మార్పు చెందాక దానికి కళ్ళు లేవు, ఎదిగిన తరువాత కాళ్ళు లేవు, శ్వాసావయవాలు లేవు, గుండె లేదు. ఊపిరితిత్తిలో బతుకుతూ తనకంటూ ఊపిరి తీసుకునే అవయవం లేదు కదా అని అప్పుడప్పుడు నవ్వుకుంటాను.

మడ్డువలస_చేపలు

చేప పేను వల్ల పోయినేడాది సగం పంట దెబ్బతిన్నది. అది మొసలి ఊపిరితిత్తిలో ఉన్నదానికి చుట్టమంటే నమ్మబుద్ధి కావడం లేదు గాని, దాని పట్టు చూసినవాడికి అంత అసాధ్యంగానూ తోచదు. చేతి గోటితో గీకినా వదలదు.

టెక్కలి_తంపర

శుక్రకణం పోలిక ఒక్కదానితో వంశం తేల్చవచ్చునా? స్వీడన్‌లో సుమారు యాభై కోట్ల సంవత్సరాల నాటి రాళ్ళలో వీటి డింభకాల శిలాజాలు దొరికాయని చదివాను. అప్పటికి మొసళ్ళు కాదు సరికదా, నేల మీద నడిచే వెన్నెముక జీవి ఒక్కటీ లేదు. మరి అవి ఎవరి ఊపిరితిత్తులలో ఉన్నట్టు?

గరివిడి_పశువైద్యం

మంచి ప్రశ్న. ఆ శిలాజాలను 1994లో వాలోసెక్, ముల్లర్ వివరించారు. వాటిని చూసి, ఇవి చేప పేనుల కంటె, ఆ మాటకొస్తే సంధిపాదుల కంటె కూడా పాత శాఖ అని వాదించినవారు ఉన్నారు. జన్యువులు ఒక మాట, రాళ్ళు మరో మాట చెబుతున్నందువల్ల ఆ వాదం నడిచింది. అయితే శుక్రకణం ఒక్కదాని మీదే వంశం తేల్చలేదండి, ఆ తరువాత వచ్చిన జన్యువుల పోలికలన్నీ అటువైపే మొగ్గాయి. ఊపిరితిత్తుల సంగతికి 2015లో ఒక చక్కని ఆధారం దొరికింది. ఇంగ్లండులోని హెర్ఫర్డ్‌షైర్‌లో సుమారు నలభై రెండున్నర కోట్ల సంవత్సరాల నాటి రాళ్ళలో, చిప్పల మధ్య బతికే ఆస్ట్రాకాడ్ అనే చిన్న సముద్రజీవిని పట్టుకుని ఉన్న నాలుక పురుగుల శిలాజాలు కనిపించాయి. వాటికి ఇన్‌వావిటా పైరాటికా అని పేరు పెట్టారు. కొన్ని చిప్ప పైన, కొన్ని చిప్ప లోపల ఉన్నాయి. కనుక మొదట్లో వీటికి ఊపిరితిత్తులతో పని లేదు, సముద్రంలో చిన్న జీవులను పట్టుకు వేలాడేవి. ఊపిరితిత్తి గల జంతువులు వచ్చిన తరువాత ఆ గూటికి మారి ఉంటాయి. నేడు తెలిసిన నూటికి పైగా జాతులలో పదింట తొమ్మిది వంతుల వరకు ఎదిగిన దశలో సరీసృపాల శ్వాసావయవాలలోనే ఉంటాయి.

మన చుట్టుపక్కల కూడా వీటికి కొదవ లేదు. జెర్రిపోతు ఊపిరితిత్తిలో కిరిసెఫాలస్ ఉంటుంది, అది కప్పల ద్వారా చేరుతుంది. మన గోడల మీద తిరిగే బల్లిలో రైలియటియెల్లా ఉంటుంది, దాని డింభకానికి ఆశ్రయమిచ్చే మధ్యంతర ఆతిథేయి బొద్దింక. మొసలి కోసం భితర్కనిక దాకా పోవాలి గాని, వీటి చుట్టాల కోసం వంటగది చాలు.

బొబ్బిలి_మాస్టారు

అమ్మా, మనవడికి చెప్పవలసింది పెరిగిపోతోంది. రెండో ప్రశ్న మిగిలిపోయింది. కాలి వేలంత పరాయి జీవి ఊపిరితిత్తిలో ఏళ్ళ తరబడి కూర్చుంటే, మొసలి వంటి గట్టి రోగనిరోధక శక్తి గల జంతువు ఊరకే ఎలా ఉంటుంది?

గరివిడి_పశువైద్యం

సెబెకియా వంటివి కాలి వేలంత ఉండవండి, ఒకటి రెండు సెంటీమీటర్లు. ఆడవి పెద్దవి, మగవి చిన్నవి. పెద్ద కొండచిలువలలో ఉండే ఆర్మిల్లిఫర్ అయితే పది సెంటీమీటర్లు దాటుతుంది.

ఊపిరితిత్తి గదులు కుదించుకుపోకుండా లోపలి గోడలకు కొవ్వు పదార్థంతో కూడిన ఒక పలుచని పూత ఉంటుంది. నాలుక పురుగు తన గ్రంథుల నుంచి దాదాపు అటువంటి పూతనే స్రవించి ఒళ్ళంతా పూసుకుంటుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త రైలీ ఈ విషయం మీద చాలా కాలం పని చేశారు. కాపలా కణాలకు అది పరాయిదిగా కాక, ఊపిరితిత్తి గోడలో భాగంగానే తోస్తుందన్నమాట. దొంగ ఆ ఇంటివాళ్ళ బట్టలే కట్టుకుని తిరుగుతున్నట్టు. అది చచ్చిపోయినప్పుడు, లేదా కుబుసం విడిచినప్పుడు మాత్రం శరీరం మేలుకుంటుంది, ఆ చోట వాపు వస్తుంది.

అందువల్ల అడవిలో ఆరోగ్యంగా ఉన్న పెద్ద మొసలికి కొన్ని పరాన్నజీవులు ఉన్నా పైకి ఏమీ తెలియదు. చాలాసార్లు అది వేరే కారణంతో చనిపోయి, శవపరీక్షలో ఊపిరితిత్తి కోసినప్పుడే బయటపడుతుంది. కొక్కేలు దిగిన చోట చిన్న రక్తస్రావాలు, గట్టిపడిన మచ్చలు కనిపిస్తాయి. ఆ గాయాల ద్వారా బాక్టీరియా చేరితే న్యుమోనియా రావచ్చును. ప్రమాదం మొసలి పిల్లలకు ఎక్కువ. చిన్న ఊపిరితిత్తిలో ఎక్కువ సంఖ్యలో చేరితే తట్టుకోలేవు.

టెక్కలి_తంపర

అంటే జంతుప్రదర్శనశాలల్లో, పెంపక కేంద్రాలలో ఇది పెద్ద సమస్యే కదా? ఒకే చోట వందల పిల్లలు, అందరికీ అదే చేప.

గరివిడి_పశువైద్యం

అవును. అమెరికాలో పెంపకపు ఆలిగేటర్ పిల్లలు సెబెకియా వల్ల చనిపోయిన సందర్భాలు నమోదయ్యాయి. దోమలను తినడానికి మన దగ్గర కూడా బావుల్లో వదిలే గంబూషియా చేప అక్కడ ఆ డింభకాలను మోస్తుంది. నివారణ మాత్రం ఖర్చులేనిది. చేపను బాగా గడ్డకట్టించి, తరువాత కరిగించి పెడితే డింభకాలు చనిపోతాయి. మొసళ్ళున్న నీటిలో పట్టిన పచ్చి చేపను మొసలి పిల్లలకు పెట్టకపోవడం మొదటి జాగ్రత్త.

మందుల సంగతి అంత సులువు కాదు. మందు పని చేసి పురుగులన్నీ ఒక్కసారి చచ్చిపోతే, వాటి కళేబరాలు ఊపిరితిత్తిలోనే కుళ్ళుతాయి. అప్పుడు పురుగు కంటె మందే ప్రమాదమవుతుంది. ఇంకొక హెచ్చరిక, చర్చకు కొంచెం పక్కదైనా మన జిల్లాకు అవసరం. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్ళకు విషం. శ్రీకూర్మం ఆలయంలోని నక్షత్ర తాబేళ్ళను చూసి ముచ్చటపడి ఎవరైనా ‘పురుగుల మందు వేద్దాం’ అనుకోకూడదు. సరీసృపమంటే అన్నీ ఒకటి కావు.

మడ్డువలస_చేపలు

ఒక్క మాట సూటిగా అడుగుతాను. ఇవి మనుషులకు వస్తాయా? ఈ చర్చ మా ఇంట్లో చదివి వినిపించాను. రాత్రి చేపల పులుసు ఎవరూ ముట్టలేదు.

గరివిడి_పశువైద్యం

పులుసు నిస్సంకోచంగా తినండి. ఉడికిన చేపలో ఏ డింభకమూ బతకదు, అది చదునుపురుగైనా, నాలుక పురుగైనా. మొసలి జాతి పరాన్నజీవి మనిషికి సోకడం అత్యంత అరుదు. కోస్టారికాలో సెబెకియా డింభకం ఒకరి చర్మం కింద పాకుతూ దద్దురు తెప్పించిన సంఘటన వైద్య సాహిత్యంలో ఉంది. మనుషులలో ఎక్కువగా కనిపించేవి వేరే జాతులు. ఆఫ్రికాలో పాము మాంసం ద్వారా ఆర్మిల్లిఫర్ సోకుతుంది. సూడాన్ వంటి చోట్ల మేక కాలేయం పచ్చిగా తినడం వల్ల లింగ్వాటులా డింభకాలు గొంతులో పట్టుకుని వాపు తెప్పిస్తాయి. ముప్పు ఎక్కువగా పచ్చి మాంసంలోనే ఉంది.

కళింగపట్నం_కెరటం

పేరు సంగతి తేల్చకుండా వదిలేశారు. పురుగు కాదని ఇంత వివరంగా చెప్పి, మళ్ళీ పురుగు అనే రాస్తున్నారు. చేప పేనుకు చుట్టమైనప్పుడు ‘ఊపిరి పేను’ అంటే సరిపోదా? పేను అన్న మాటలో రక్తం తాగడం, వదలకుండా పట్టుకోవడం రెండూ ఉన్నాయి.

బొబ్బిలి_మాస్టారు

‘ఊపిరి పేను’ నాకు నచ్చింది. వానపాము పాము కాదు, నక్షత్రచేప చేప కాదు, అయినా అలాగే పిలుస్తున్నాము కనుక ‘పురుగు’ అన్నంత మాత్రాన కొంప మునగదు గాని, ఈ పేరుతో పిల్లలకు వంశం కూడా తెలుస్తుంది. అయితే పాఠ్యపుస్తకంలో వెదికేవారి కోసం పెంటాస్టోమిడ్ అన్న మాట పక్కన ఉంచక తప్పదు.

టెక్కలి_తంపర

కుక్క ముక్కులో ఉండేదాన్ని కూడా ఊపిరి పేను అంటారా? నాకు సమ్మతం కాదు. నాలుక పురుగే ఉండనివ్వండి.

మడ్డువలస_చేపలు

నిన్న సాయంత్రం భూతద్దం పెట్టి చూశాను. ఆకులా చదునుగా ఉంది, మధ్యలో గిన్నె ఉంది. గరివిడి అమ్మాయి గారు చెప్పినట్టు కొంగల పురుగే. గట్టు పొడుగునా నత్తలు కూడా బుట్టెడు ఏరాము.

అదే చెరువులో రోహు మీద చేప పేనులు మళ్ళీ కనిపించాయి. బతికున్నవి నాలుగు సీసాలో వేసి ఉంచాను. తరగతిలో మాట్లాడేటప్పుడు మీకు పనికివస్తాయంటే ఆదివారం రాజాం బస్టాండుకు తెస్తాను.

గరివిడి_పశువైద్యం

తప్పకుండా తీసుకుంటానండి. సీసాలో చెరువు నీరే పోయండి, కొళాయి నీరు వద్దు. మూతకు రెండు చిల్లులు పెట్టండి. మా ప్రయోగశాలలో జెర్రిపోతు ఊపిరితిత్తి నుంచి తీసి స్పిరిట్‌లో భద్రపరచిన నాలుక పురుగు ఒకటి ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, “వీటిలో రొయ్యకు చుట్టం ఏది?” అని తరగతిని ముందుగా అడుగుతాను. మాస్టారూ, మీ మనవడికి సెలవైతే ఆ రోజు తీసుకురండి.